అక్క నా చేత కుట్టించిన తొడుగు

కంటి ఆపరేషన్ అయిన నెలకి మా అమ్మాయి పుస్తకాలు చదువుకునే తన పాత ఈ-రీడర్ తెచ్చి నా చేతిలో పెట్టింది. "అక్షరాలు ఎంత కావాలంటే అంత పెద్దవి చేసుకోవచ్చమ్మా. ఫోన్‌లాగా కళ్ళకి కొట్టదు" అని చెప్పి, ఎలా వాడాలో రెండుసార్లు చూపించి, మర్నాడు పొద్దున బండెక్కి విశాఖపట్నం వెళ్ళిపోయింది. తను కొత్తది కొనుక్కుంది. ఈ పాతదానికి ఒకప్పుడు కవరు ఉండేదట, ఏ ఇల్లు మారినప్పుడో పోయింది. వెనకవైపు ఒక మూల గీరుకుని ఉంది.

నేను బందరులో ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతాను. క్లాసుకీ క్లాసుకీ మధ్య స్టాఫ్ రూములో కూర్చుని చదువుకోవడం నాకు ఎప్పటినుంచో అలవాటు. కళ్ళకి శుక్లాలు వచ్చాక ఆ అలవాటు పోయింది. ఇది వచ్చాక తిరిగి వచ్చింది. అందుకని ఎక్కడికి వెళ్ళినా దీన్ని తీసుకునే వెళ్ళేదాన్ని. చిన్న తువ్వాలులో చుట్టి, హ్యాండ్‌బ్యాగులో పెట్టుకునేదాన్ని.

ఒక రెండో శనివారం గుడివాడలో ఉన్న మా అక్క దగ్గరకు బయల్దేరాను. అక్కకి ఇష్టమని చేపల పులుసు వండి, స్టీలు క్యారేజీలో పెట్టి, అదే బ్యాగులో సర్దాను. రైలు గుడ్లవల్లేరు దాటేసరికి బ్యాగు అడుగున తడి తగిలింది. తీసి చూస్తే తువ్వాలు సగం ఎర్రగా ఉంది. పులుసు ఇంకో రెండు మడతలు దాటి ఉంటే ఆ పరికరం పని అయిపోయేది. ఎదురుగా కూర్చున్న ఒకావిడ నేను దాన్ని కొంగుతో తుడుస్తుంటే చూసి, "పలకాండీ అది? పిల్లలదా?" అని అడిగింది. "నాదేనండి" అన్నాను. ఆవిడ నవ్వలేదు. తన సంచిలోంచి ఒక పాలిథిన్ కవరు తీసి ఇచ్చి, "ఇందులో పెట్టుకోండి, వాసన అంటుకుంటది" అంది.

ఆ తర్వాత కవరు కోసం ఫోనులో వెతికాను. మా అమ్మాయి ఇచ్చింది బాగా పాత రకం. దానికి సరిపోయేవి రావడం మానేశాయి. మా ఆయన, "బిస్కెట్ల డబ్బాలో పెట్టుకో, గట్టిగా ఉంటుంది" అని సలహా ఇచ్చారు. అప్పుడు అనుకున్నాను, గుడ్డతో నేనే ఒకటి కుట్టుకుంటే పోలా అని. దిండుకి గలీబు లాంటిదే కదా, అందులో ఏముంది అనుకున్నాను. అప్పటికి నా వయసు యాభై నాలుగు. చీరకి ఫాల్ కూడా నేనెప్పుడూ సొంతంగా వేసుకుని ఎరగను. ఎందుకంటే మా ఇంట్లో సూది పట్టే పని అంతా అక్కది.

పెడనలో అద్దకం పని చేసే ఒకాయన నాకు తెలుసు. ఏటా మా పిల్లల్ని ఆయన షెడ్డుకి తీసుకెళ్ళి, కరక్కాయ ఎలా వాడతారు, ఏ వేరు నుంచి ఎరుపు వస్తుంది అన్నీ చూపిస్తుంటాను. ఒక సాయంత్రం కాలేజీ అయ్యాక బస్సెక్కి ఆయన దగ్గరకు వెళ్ళాను. సంగతి చెప్పి ఆ పరికరం చూపించాను. ఆయన చేతులు తుడుచుకుని, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మూలన ఉన్న పోగులోంచి ఒక ముక్క లాగాడు. మట్టిరంగు నేల మీద తీగలు. ఒకచోట మాత్రం ఆకు మీద పువ్వు పడి, రెండూ కలిసి ఏదో వింత జంతువులా కనిపిస్తున్నాయి.

"అచ్చు తప్పిందండి ఇక్కడ. చీరకి పనికిరాదు. మీరు తీసుకెళ్ళండి."

"ఇదే బాగుందండీ."

"బాగుండటం కాదు గానీ, ముందు ఉప్పునీళ్ళలో జాడించండి. లేకపోతే మీ మిషను ఎర్రగా అయిపోద్ది" అన్నాడు.

జాడించాను, ఆరేశాను, ఇస్త్రీ చేశాను. ఈ-రీడర్‌ను గుడ్డ మీద పెట్టి, చుట్టూ పెన్సిలుతో గీత గీశాను. ఆ గీత మీద కత్తిరించాను. అలాంటివే రెండు ముక్కలు. లోపల మెత్తగా ఉండడానికి పాత బొంతలోంచి రెండు ముక్కలు కోశాను. రెండు సాయంత్రాలు కూర్చుని మూడు వైపులా చేత్తో కుట్టాను. వేళ్ళకి నాలుగు చోట్ల సూది గుచ్చుకుంది. అయినా ఎంతో సంతోషంగా ఉంది. కుట్టడం అయ్యాక తిరగేసి, ఈ-రీడర్‌ను లోపలికి తోశాను. వెళ్ళలేదు. ఇంకొంచెం తోశాను. మూల దగ్గర కుట్టు పటపటమని ఊడిపోయింది.

దాన్ని అలాగే పట్టుకుని మరో శనివారం గుడివాడ వెళ్ళాను.

అక్క గురించి ఇక్కడ చెప్పాలి. అక్క నాకంటే ఆరేళ్ళు పెద్దది. మాది దివిసీమలో సముద్రానికి దగ్గరగా ఉన్న పల్లె. ఉప్పెన వచ్చినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. నాన్న పోయాడు, ఇల్లు పోయింది. అమ్మ, అక్క, నేను మిగిలాం. తర్వాత ఊళ్ళోకి సాయం చేయడానికి వచ్చినవాళ్ళు చిన్నపిల్లల్ని హాస్టల్లో వేసి చదివిస్తామన్నారు, పెద్దపిల్లలకి కుట్టుపని నేర్పిస్తామన్నారు. నేను చిన్నపిల్లల లెక్కలోకి వచ్చాను. ఏడో తరగతి చదువుతున్న అక్క పెద్దపిల్లల లెక్కలోకి వెళ్ళింది. నేను హాస్టల్లో వేసుకున్న గౌన్ల దగ్గర్నుంచి, ఉద్యోగంలో చేరిన రోజు తొడుక్కున్న జాకెట్టు దాకా అన్నీ అక్క కుట్టినవే. పెళ్ళయి గుడివాడ వచ్చాక, ఇంటి ముందుగదిలో మిషను వేసుకుని ముప్పై ఏళ్ళకు పైగా జాకెట్లు కుట్టింది. మెడ దగ్గర ముడత పడకుండా కుట్టాలంటే అక్కే కుట్టాలని చుట్టుపక్కల ఆడవాళ్ళకు నమ్మకం. క్రిస్మస్ ముందు నెల రోజులు ఆ గదిలో కాలు పెట్టడానికి చోటుండేది కాదు.

అప్పటికి ఏడాదిన్నర కిందట అక్కకి పక్షవాతం వచ్చింది. మాట పోలేదు. కాలు కొన్నాళ్ళు ఈడ్చింది, తర్వాత దారిలో పడింది. కుడిచేయి మాత్రం తిరిగి రాలేదు. భుజం దాకా లేస్తుంది గానీ వేళ్ళు మాట వినవు. చెంచా పట్టుకుంటుంది, సూది పట్టుకోలేదు. మిషను మీద బావగారు దుప్పటి కప్పారు. తర్వాత ఆ దుప్పటి మీదకి మందుల డబ్బా, పేపర్లు, ఇస్త్రీ బట్టలు చేరాయి. అది మిషనని తెలియని వాళ్ళు బల్ల అనుకుంటారు.

నేను వెళ్ళేసరికి అక్క మంచం మీద కూర్చుని కిటికీలోంచి వీధిలోకి చూస్తోంది. నేను బ్యాగులోంచి ఆ పిగిలిన సంచి తీసి ఆమె ఒళ్ళో వేశాను.

"ఏంటే ఇది?"

"కవరు. కుట్టాను."

అక్క ఎడమచేత్తో దాన్ని ఎత్తి, వెలుతురుకి పెట్టి, లోపల వేలు పెట్టి చూసింది. "ఎవరి కొలత తీశావు?"

"దీని కొలతే. పైన పెట్టి గీశాను" అని ఈ-రీడర్ తీసి చూపించాను.

"గీత మీదే కోశావా?"

"అవును."

అక్క నవ్వడం మొదలుపెట్టింది. ముందు మూతి బిగించుకుంది, ఆపుకోలేకపోయింది. కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. వంటింట్లోంచి బావగారు కంగారుగా వచ్చారు. బావగారు ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. వంట అంతా ఇప్పుడు ఆయనదే. గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి అక్క వైపే చూస్తూ ఉండిపోయారు. ఆ ఏడాదిన్నరలో అక్క అలా నవ్వడం ఆయన వినలేదట, వెళ్ళేటప్పుడు బస్టాండులో చెప్పారు.

"కుట్టుకి గుడ్డ ఎవరు వదుల్తారే?" అంది అక్క కళ్ళు తుడుచుకుంటూ. "చుట్టూ అరంగుళం. బొంత వేశావు గనక ఇంకో పావు. ఇన్ని చదువులు చదివావు, ఇది తెలీదా నీకు? పైగా ఈ అడుగున ఏదో మీట ఉంది, దాన్ని మూసేశావు. ఇంక దాన్నెట్టా నొక్కుతావ్?"

"నువ్వు చెప్పు. నేను కుడతాను."

అక్క సంచిని పక్కన పెట్టేసి, ముందు అన్నం తిందాం లెమ్మంది. అప్పటికి ఆ మాట అక్కడితో ఆగింది.

అన్నం తిన్నాక అక్క పేపరు చదవడానికి కూర్చుంది. ఎడమచేత్తో పేజీ తిప్పితే ఫ్యాను గాలికి మళ్ళీ వెనక్కి వస్తోంది. మోచేత్తో నొక్కి పెడితే నలుగుతోంది. ఫ్యాను ఆపితే చెమట. రెండు నిమిషాలు చూసి, నేను ఈ-రీడర్ ఆన్ చేసి, అక్షరాలు పెద్దవి చేసి, ఒక కథల పుస్తకం తెరిచి ఆమె ఎడమచేతిలో పెట్టాను. కళ్ళజోడు పైకి జరిపి చూసింది. నేను అంట్లు తోమి వచ్చాను. తలకి నూనె రాసుకున్నాను. బావగారు ఒక కునుకు తీసి లేచారు. అక్క తల ఎత్తలేదు. మధ్య మధ్య "పేజీ మళ్ళీ వెనక్కి పోతందే" అని ఒక్కటే ఫిర్యాదు.

నాకు ఆశ్చర్యం వేసింది. అక్క ఇంత ఇష్టంగా చదువుతుందని నాకు తెలియదు. చదివేది నేను, కుట్టేది అక్క. చిన్నప్పటినుంచీ నా మనసులో అలాగే ఉంది.

"కథలు నీకు ఇష్టమా అక్కా?"

"ఇష్టమేంటే, అన్నీ సగం కథలే చదివాను నేను" అంది. బీరువా కింది అరలో ఒక మూట ఉంది, తెమ్మంది. తెచ్చి విప్పాను. జాకెట్ల కొలతలకి కత్తిరించి పెట్టుకున్న కాగితాలు. ముందుభాగాలు, వెనకభాగాలు, చేతులు. ఒక్కో కట్టకీ మీద ఎవరిదో గుర్తుగా ఒక ముక్క రాసి ఉంది: పోస్టాఫీసు ఆవిడ, పాలావిడ కోడలు, మూడో వీధి టీచరమ్మ. అన్నీ పాత వారపత్రికల కాగితాలు. సీరియళ్ళూ కథలూ ఉన్న పేజీలు.

"కాగితం గట్టిగా ఉంటదని వారపత్రికలే కొనేదాన్ని. కోసే ముందు చదివేదాన్ని కొన్ని. కొన్ని కోశాక చదివేదాన్ని. ఇదిగో, దీంట్లో ఆ పిల్ల ఇంట్లోంచి వెళ్ళిపోద్ది. ఎక్కడికి వెళ్ళిందో తెలీదు. అదంతా చంక దగ్గర పోయింది."

నేను ఆ కాగితం చేతిలోకి తీసుకున్నాను. వాక్యం సగంలో గుండ్రంగా కత్తిరించి ఉంది. ఆ కథ పేరు ఏమిటో, ఎవరు రాశారో ఆ ముక్కలో లేదు. తర్వాత నేను వెతికాను కూడా. దొరకలేదు.

నాకు అప్పుడు ఏడుపు వచ్చింది. ఏళ్ళ తరబడి నాలో ఉన్న మాట బయటకి వచ్చింది. "ఆ హాస్టల్లో సీటు నీకు వచ్చి ఉంటే బాగుండేదక్కా. నీ చదువు నేను చదివాను."

అక్క నా వైపు విసుగ్గా చూసింది. "నా చదువు నువ్వేం లాక్కోలేదు. నాకు చదువుకోవాలని ఉండేది, నిజమే. కానీ మొదటిరోజు మిషను ముందు కూర్చోబెట్టినప్పుడు, ఆ సూది పైకీ కిందికీ పోతంటే చూస్తా అన్నం తినడం మర్చిపోయాను. అది తెలుసా నీకు? నేనేదో గతిలేక కుట్టినట్టు మాట్లాడతావేం? ఈ ఊళ్ళో నా అంత నీటుగా గుండ్రం మెడ తిప్పేవాళ్ళు ఎవరున్నారో చెప్పు."

ఇన్నేళ్ళూ అక్క మీద జాలిపడుతున్నాననుకుంటూ ఆమె పనిని చిన్నచూపు చూశానని అప్పుడు తెలిసింది. సిగ్గేసింది.

సాయంత్రం బయల్దేరబోతూ ఈ-రీడర్‌ను అక్క పక్కనే వదిలి, "ఇది నువ్వే ఉంచుకో. నాకు కళ్ళు బాగానే ఉన్నాయి, పుస్తకాలు చదువుకోగలను" అన్నాను. మంచిపని చేస్తున్నాననే అనుకున్నాను.

అక్క దాన్ని నా బ్యాగు వైపు తోసింది. "పిల్ల నీకిచ్చింది. తీసుకుపో."

"నీకు పనికొస్తుందని—"

"వద్దన్నానుగా!" అని కసిరింది. బావగారు ఏదో సర్దిచెప్పబోయారు. అక్క ఆయన్నీ ఆపింది. తర్వాత గొంతు తగ్గించి అంది: "వచ్చిన ప్రతివాళ్ళూ ఏదో ఒకటి చేతిలో పెట్టి పోతన్నారే. పళ్ళు, నూనె సీసాలు, ప్రార్థన చేయించిన రుమాళ్ళు. చర్చి వాళ్ళొస్తారు, వీధిలో వాళ్ళొస్తారు. మంచివాళ్ళే. కానీ ఏడాదిన్నర నుంచీ ఒక్కళ్ళు కూడా ఇది కుట్టిపెట్టమని అడగలేదు. నువ్వొక్కదానివే ఇవాళ ఆ పిగిలిన సంచి నా ఒళ్ళో వేశావు. మళ్ళీ నువ్వు కూడా దానం మొదలుపెట్టావు."

నేను అక్కడే కుర్చీలో కూర్చుండిపోయాను. బస్సు వెళ్ళిపోతే వెళ్ళిపోయిందిలే అనుకున్నాను.

"అయితే కుట్టిపెట్టు" అన్నాను.

"నా చెయ్యి చూశావుగా."

"నా చేతులు ఉన్నాయిగా. నువ్వు చెప్పినట్టు చేస్తాను. కానీ ఒకటి, కవరు నీ చేతికి పట్టేటట్టు కుట్టాలి. నాకు ఎలా ఉన్నా ఫరవాలేదు, పట్టుకోగలను."

అక్క ఆ సంచిని తీసి మళ్ళీ వెలుతురుకి పెట్టి చూసింది. తర్వాత బావగారితో, "ఏవండీ, ఆ మిషను మీద సామానంతా తీసెయ్యండి" అంది.

ఆ తర్వాత మూడు వారాలూ ప్రతి శనివారం వెళ్ళాను. అక్క మంచి టీచరు కాదు, ఓపిక బొత్తిగా లేదు. పైకి నాకు చెబుతూనే ఎడమచేయి ముందుకొచ్చి నా చేతిలోంచి గుడ్డ లాగేసేది. టేపు ఎక్కడ పట్టాలో, సుద్దతో ఎలా గీయాలో, కత్తెరని గుడ్డ మీద నుంచి ఎత్తకుండా ఎలా నడపాలో చెప్పింది. దారం తెగితే నాది తప్పు, సూది వంగితే నాది తప్పు. బాబిన్‌లో దారం నిండుతుంటే మా బోటనీ ల్యాబులో కొత్తగా వచ్చిన పిల్లలాగా నోరు తెరుచుకుని చూశాను. మిషను తొక్కడం వచ్చేసరికి ఒక మధ్యాహ్నం పూర్తిగా పోయింది. ముందుకి తొక్కితే వెనక్కి తిరిగేది. "కాళ్ళతో ఆలోచించకే, ఊరికే తొక్కు" అనేది అక్క.

కవరు పుస్తకానికి అట్ట వేసినట్టు ఉండాలని అక్క నిర్ణయించింది. సంచి అయితే తియ్యడానికి ఒక చెయ్యి, పట్టుకోవడానికి ఒక చెయ్యి కావాలి. ఇది ఎప్పుడూ అట్టలోనే ఉంటుంది. నాలుగు మూలలకి ఎలాస్టిక్ ముక్కలు. లోపల బొంతతో పాటు, కాలర్లలో వేసే గట్టి గుడ్డ ఒక పొర. అడుగున మీట దగ్గర ఖాళీ. వెనకవైపు, ఎడమచేయి దూర్చుకోవడానికి ఒక వెడల్పాటి పట్టీ. చేయి దూరిస్తే ఇంక వేళ్ళతో బిగించి పట్టుకోవాల్సిన పనిలేదు. కునుకు పట్టినా పడిపోదు.

ఆ అచ్చు తప్పిన భాగాన్ని నేను లోపలికి మడిచాను. అక్క చూసి, "దాన్ని పైకి పెట్టు. అదే చూడ్డానికి బాగుంది" అంది.

మూడో శనివారానికి కవరు తయారైంది. కుట్లు కొంచెం అటూ ఇటూ ఉన్నా, గట్టిగా ఉన్నాయని అక్క ఒప్పుకుంది. ఈ-రీడర్‌ను మూలల్లో ఇరికించి, అక్క చేతికి తొడిగాను. చేయి చక్కగా పట్టింది. చదవడం మొదలుపెట్టి, బొటనవేలితో పేజీ నొక్కింది. పేజీ వెనక్కి వెళ్ళింది. మళ్ళీ నొక్కింది. ఇంకా వెనక్కి.

విశాఖపట్నం ఫోన్ చేశాను. మా అమ్మాయి ఓపిగ్గా వినింది. "ఎడమ అంచు మీద నొక్కితే వెనక్కే పోతుందమ్మా. మధ్యలో నొక్కాలి. పెద్దమ్మ వేలు మధ్యదాకా రావట్లేదా?"

రావట్లేదు. పట్టీ మరీ అంచుకి కుట్టాం. చేయి అక్కడే ఆగిపోతోంది.

"ఇట్టాగే సర్దుకుంటాలే" అంటుందేమో అనుకున్నాను. అక్క సంగతి మర్చిపోయాను. "విప్పు" అంది. "పట్టీ అంగుళం లోపలికి జరగాలి. విప్పు."

కుట్టిన దానికంటే విప్పడానికి ఎక్కువసేపు పట్టింది. కొత్తచోట సుద్దతో గీత పెట్టి, మిషను కిందకి తోశాను. ఇప్పుడు చిక్కేమిటంటే కింద అంతా మందంగా ఉంది. బొంత, గట్టి గుడ్డ, లోపలి గుడ్డ, దాని మీద పట్టీ మడత. సూది రెండు పోట్లు పొడిచి ఆగిపోయింది. నేను బలంగా తొక్కాను. గుడ్డ పక్కకి జారి గీత తప్పింది. రెండోసారీ అంతే. మూడోసారి సూది విరిగింది.

"లే" అంది అక్క.

లేచాను. అక్క మంచం దిగి, మెల్లిగా వచ్చి, మిషను ముందు స్టూలు మీద కూర్చుంది. కాళ్ళు పెడలు మీద పెట్టింది. కుడికాలు ఒకసారి జారితే బావగారు వంగి సరిచేశారు. ఎడమ అరచేయి గుడ్డ మీద పరిచింది. కుడిచేయి అలవాటుగా చక్రం దాకా లేచి, అక్కడ వేళ్ళు ముడుచుకోక, కిందకి వాలిపోయింది.

"రా ఇటు. కుడిపక్క నిలబడు. నేను అన్నప్పుడు చక్రం నా వైపుకి తిప్పు. మెల్లిగా. ఒక్కో పోటే."

కొత్త సూది ఎక్కించి ఆమె పక్కన నిలబడ్డాను. "ఊ" అంది. తిప్పాను. సూది దిగింది. "ఊ." మళ్ళీ తిప్పాను. మందంగా ఉన్నచోట ఆమె అరచేయి గుడ్డని ఎంత కొంచెం వెనక్కి లాగిందో, ఎంత కొంచెం ముందుకి వదిలిందో, పక్కనే ఉన్న నాకే సరిగ్గా తెలియలేదు. పది పోట్ల తర్వాత "ఊ" అనడం మానేసింది. ఎప్పుడు తిప్పాలో ఆమె భుజం చూస్తే నాకు తెలిసిపోతోంది. మందం దాటాక, "ఇంక వదులు" అని తనే తొక్కింది. చాలాకాలానికి ఆ గదిలో మిషను ఒకే ఊపున చప్పుడు చేసింది. అంతా కలిపి నాలుగంగుళాల కుట్టు.

అక్క దారం పళ్ళతో తెంపి, కుట్టు మీద వేలితో రాసి చూసింది. "చివర్లో రెండు పోట్లు వంకర పోయినయ్యి" అంది.

"నేను తిప్పినవే అవి."

"నీవే" అని ఒప్పుకుంది.

బావగారు టీ పెట్టడానికి లోపలికి వెళ్ళారు. ఆయన అక్కడ చాలాసేపు ఉండిపోయారు. టీ తెచ్చేసరికి చల్లారిపోయింది. అలాగే తాగేశాం.

ఆ రోజు నుంచి అక్క చేయి బాగైపోయిందని చెప్పలేను. వేళ్ళు అలాగే ఉన్నాయి. ఇప్పటికీ జాకెట్లు కుట్టలేదు. కానీ మిషను మీద మళ్ళీ దుప్పటి పడలేదు. ఒంటిచేత్తో వీలయ్యే తిన్నని కుట్లు వేస్తోంది. దిండుగలీబులు, కర్టెన్లు, లంగాలకి అంచులు. మందంగా ఉన్నచోట బావగారు పక్కన నిలబడి చక్రం తిప్పుతారు. బస్సు ఇంజన్లు విప్పిన మనిషి, నాకంటే నయంగా తిప్పుతాడని అక్క నాకు ఫోన్‌లో చెప్పింది. మూడో వీధి టీచరమ్మ వచ్చి, తన మనవరాలి గౌనుకి కింద అంచు వేసిపెట్టమని అడిగిందట. ఆ మాట చెప్పడానికే ప్రత్యేకంగా ఫోన్ చేసింది.

ఈ-రీడర్ ఎవరిదన్న గొడవ తేలలేదు. నేను ఇచ్చేస్తానంటే తను తీసుకోదు. అందుకని పదిహేను రోజులు నా దగ్గర, పదిహేను రోజులు తన దగ్గర ఉండేటట్టు ఒప్పందం చేసుకున్నాం. రెండో శనివారం నేను తీసుకెళ్తాను, నాలుగో శనివారం బావగారు రైల్లో బందరు తెచ్చి ఇస్తారు, భోంచేసి వెళ్తారు. ఉప్పునీళ్ళలో జాడించినా ఆ గుడ్డ మా ఇద్దరి చేతులకీ కొన్నాళ్ళు రంగు అంటించింది. ఇప్పుడు మానేసింది. పట్టీ దగ్గర అక్క చేయి పట్టేచోట గుడ్డ నునుపు తేలింది. నాకు ఆ పట్టీ అక్కర్లేదు గానీ, నేనూ అందులో చేయి దూర్చే చదువుతున్నాను.

ఒక్కటే ఇబ్బంది. ఇద్దరం ఒకే నవల చదువుతున్నాం. పరికరం మనుషుల్ని గుర్తుపట్టదు, ఎవరు చివర ఎక్కడ ఆపితే అక్కడే తెరుచుకుంటుంది. నాలుగో శనివారం నేను తెరిస్తే, నాకు తెలియని మనుషులు తెలియని ఊళ్ళో పోట్లాడుకుంటూ ఉంటారు. నేను ఇంకా పెళ్ళి దగ్గరే ఉన్నాను. అక్క నాకంటే నూట యాభై పేజీలు ముందుంది.

మొన్న ఆదివారం ఆరాధన నుంచి రాగానే ఫోన్ చేసింది.

"ఎక్కడిదాకా వచ్చావే?"

"ఆవిడ అన్నగారింటికి వెళ్ళింది. నువ్వు చెప్పొద్దు."

"నేనెందుకు చెప్తాను? కానీ తొందరగా చదువు. నాకు మాట్లాడుకోవడానికి ఎవరూ లేరిక్కడ. మీ బావగారికి చెప్తంటే మూడో మాటకి గురక పెడతన్నారు."

"వచ్చే వారానికి అయిపోతుందిలే."

"క్లాసులో చదువు. పిల్లల చేత ఏదో ఒకటి రాయిస్తా చదువు" అంది అక్క. బావగారు పక్కనుంచి ఏదో అన్నారు, ఆమె నవ్వుతూ ఫోన్ పెట్టేసింది. నేను కూర పొయ్యి మీద నుంచి దించి, కిటికీ పక్కన కూర్చుని, అన్నగారింటి గుమ్మం దగ్గర నిలబడి ఉన్న ఆవిడ దగ్గరకు తిరిగి వెళ్ళాను.